మూడు ఎకోలు, మూడు లెక్కలు

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మాది గాజువాక. షిప్‌యార్డులో క్వాలిటీ సెక్షన్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. వెల్డింగ్ జాయింట్లని అల్ట్రాసోనిక్ మిషన్‌తో చెక్ చెయ్యడం నా పని. మాకు ఒక్కతే అమ్మాయి, 22 ఏళ్లు. బీటెక్ అయింది, ఉద్యోగం వచ్చింది. చేరేముందు మెడికల్ పరీక్షల్లో డాక్టరు స్టెతస్కోపు పెట్టి గుండెలో చప్పుడు వస్తోందన్నారు. ఎకో తీయిస్తే వాల్వుకి మూడు రేకులు ఉన్నాయి, అంతా నార్మల్, కొద్దిపాటి లీకు అని రాశారు. మనసు ఒప్పక ఇంకోచోట తీయించాం. అక్కడ రెండు రేకుల వాల్వు, పుట్టుకతో వచ్చింది, మైల్డ్ లీకు అన్నారు. మూడోచోట నాలుగు రేకులట! చాలా అరుదట. లీకు మైల్డ్ నుంచి మోడరేట్ అట. గొంతులోకి గొట్టం దించి చేసే ఎకో గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించమన్నారు. గొట్టం అనగానే అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. అది చూస్తే ఆరోగ్యంగానే ఉంది. ఆషాఢంలో నాతోపాటు సింహాచలం గిరిప్రదక్షిణ మొత్తం నడిచింది. నాకే కాళ్లు లాగాయి గానీ దానికేం కాలేదు. మా ఆవిడేమో కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజున బయటికొచ్చాను, నావల్లే ఇలా అయిందని కుమిలిపోతోంది. ఒక సంబంధం కూడా మాటల్లో ఉంది. ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలి? ఆ గొట్టం పరీక్ష తప్పదా? పెళ్లివారికి చెప్పాలా? మూడో రిపోర్టు నకలు, అమ్మాయి ఎత్తు బరువులు పంపుతున్నాను. మళ్లీ తీయిస్తే ఎకో గదిలోకి నన్ను రానిస్తారా?

జవాబు:

మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరం చదువుతుంటే నాకు కాస్త నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. అమ్మాయి సంగతికి కాదు. మూడు రిపోర్టులు మూడు రకాలుగా వస్తే ఎవరిని నమ్మాలని అడుగుతున్నది 31 ఏళ్లు అల్ట్రాసోనిక్ ప్రోబ్ పట్టుకున్న మనిషి! ఒకే జాయింటుని పొద్దున షిఫ్టులో ఒకరు బాగుందని పాస్ చేసి, మధ్యాహ్నం ఇంకొకరు పగులుందని ఆపిన రోజులు మీకు లేకుండా ఉండవు. అప్పుడు మీరేం చేసేవారు? ఇద్దరిలో ఎవరు మంచివాళ్లని అడిగేవారు కాదు కదా. ప్రోబ్ ఏ కోణంలో పెట్టావు, గ్రీజు సరిగ్గా రాశావా, క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశావు అని అడిగేవారు. నేనూ అవే అడుగుతాను.

ఎకో మిషన్ మీ మిషన్‌కి స్వయానా చెల్లెలు. 1953లో స్వీడన్‌లోని లుండ్ ఊళ్లో ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి మొదటిసారి గుండె కదలికని ధ్వని తరంగాలతో పట్టుకున్నారు. ఆపరేషన్‌కి ముందే వాల్వు ఎలా ఉందో తెలుసుకునే దారి కోసం ఎడ్లర్ వెతుకుతున్నాడు. హెర్ట్జ్ వెళ్లి మిషన్ ఎక్కడ చూశాడనుకున్నారు? పక్క ఊరు మాల్మోలో ఉన్న కోకమ్స్ షిప్‌యార్డులో. లోహంలో లోపాలు వెతకడానికి వాళ్లు వాడే పరికరం అది. దాన్నే తన ఛాతీ మీద పెట్టుకుని చూసుకున్నాడు. ఈ కథ నేను మెడికల్ విద్యార్థులకి ఏటా చెప్తాను గానీ షిప్‌యార్డు మనిషికి చెప్పే అవకాశం రావడం ఇదే మొదటిసారి. మీరు వెల్డు మీద వాడిన 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్, మేం పెద్దవాళ్ల గుండె మీద పెట్టే ప్రోబ్ దాదాపు ఒకే స్థాయి. మీరు గ్రీజు రాస్తారు, మేం జెల్ రాస్తాం. గాలి అడ్డొస్తే ఇద్దరికీ ఏమీ కనపడదు.

తేడా ఒక్కటే. మీ ప్లేటు కదలదు. మా వాల్వు రోజుకి లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

ఇక మీ అమ్మాయి వాల్వు దగ్గరికొద్దాం. ఎడమ కింది గదిలోంచి రక్తం ఒళ్లంతటికీ బయల్దేరే పెద్ద గొట్టం పేరు అయోర్టా, దాని మొదట్లో ఉండేది అయోర్టిక్ వాల్వు. మామూలుగా దానికి మూడు రేకులు. మల్లెరేకులా పలచగా, అర్ధచంద్రాకారంలో ఉంటాయి. మూసుకున్నప్పుడు పైనుంచి చూస్తే మూడు గీతలు మధ్యలో కలుస్తాయి, అచ్చం బెంజ్ కారు ముందు ఉండే గుర్తులాగా. తెరుచుకున్నప్పుడు ఆ గీతలు మాయమై త్రికోణంలాంటి ద్వారం కనిపిస్తుంది. రెండే రేకులుంటే? తెరుచుకున్నప్పుడు చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. మేం డాక్టర్లం కూడా చేప నోరనే అంటాం. ఫిషింగ్ హార్బర్‌లో బుట్టలో పడేసిన చేప నోరు ఒకసారి తెరిచి మూసినట్టు ఊహించుకోండి, అదే. నాలుగు రేకులుంటే మూసుకున్నప్పుడు గుణకారం గుర్తులాగా, అంటే ఎక్స్ ఆకారంలో గీతలు కనపడతాయి.

మరి చూడగానే తెలిసిపోవాలిగా అంటారా? ఇక్కడే ఉంది చిక్కు. ఈ బొమ్మ సరిగ్గా రావాలంటే ప్రోబ్‌తో వాల్వుని అడ్డంగా, కరెక్టుగా అంచుల దగ్గర కోయాలి. వంకాయని తిన్నగా అడ్డకోత కోస్తే గుండ్రటి ముక్క వస్తుంది, ఏటవాలుగా కోస్తే కోలగా వస్తుంది. ఎకోలోనూ అంతే. కోత కొంచెం వంకరపోతే ఒక రేకు మరో రేకు చాటున దాక్కుంటుంది. నాలుగోది చిన్న రేకు అయితే మరీనూ. నాలుగు రేకుల వాల్వుల్ని 1973లో హర్విట్జ్, రాబర్ట్స్ అనే ఇద్దరు డాక్టర్లు రేకుల సైజుని బట్టి ఏడు రకాలుగా విడదీశారు. మూడు పెద్ద రేకులు, ఒక బుల్లి రేకు ఉన్న రకం ఎక్కువగా కనిపించేవాటిలో ఒకటి. ఆ బుల్లిది కనపడకపోతే మూడే అని రాసేస్తాం. మీ మొదటి రిపోర్టుకి అదే జరిగి ఉండొచ్చు.

రెండో రిపోర్టు రెండని ఎలా రాసింది? ఏటవాలు కోతలో గుణకారం గుర్తులోని ఒక గీత చెరిగిపోయి ఒక్క గీతే మిగిలితే రెండు రేకులే ఉన్నట్టు ఉంటుంది. అదీగాక రెండు రేకుల వాల్వు జనంలో నూటికి ఒకరికో ఇద్దరికో ఉంటుంది. మేం రోజూ చూసేది. రోజూ చూసేదాని మీదకే ముందు ఆలోచన పోతుంది. నాలుగు రేకులదేమో ఎకోలు తీయించుకున్నవాళ్లలో పదివేలకి ఒకరి నుంచి నలుగురి దాకా అన్నట్టు వచ్చాయి పాత లెక్కలు. చాలామంది ఎకో చేసేవాళ్లకి ఉద్యోగం మొత్తంలో ఒకటో రెండో తగులుతాయి. అందుకని వాళ్ల మీద మరీ కోపం పెట్టుకోకండి.

కోపం అంటే గుర్తొచ్చింది. ఇది నా మీద నాకున్న కోపం. నేను ఎకో నేర్చుకున్న కొత్తలో, అప్పుడు పనిచేసిన ఆసుపత్రిలో, బోటు మీద వేటకెళ్లే ఒకతనికి మూడు రేకులు, నార్మల్ అని సంతకం పెట్టాను. ఆరేళ్ల తర్వాత అతను ఆయాసంతో వచ్చాడు. నా రిపోర్టుని లామినేషన్ చేయించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దేవుడి పటంలా రెండు చేతులతో తీసి ఇచ్చాడు. వాల్వు రెండు రేకులదే. రెండు రేకులు అతుక్కున్నచోట ఒక కుట్టుగీత లాంటిది ఉంటుంది. వాల్వు మూసుకున్నప్పుడు ఆ గీత మూడో అంచులా కనిపిస్తుంది. నేను మూసుకున్న క్షణంలో మాత్రమే చూశాను, తెరుచుకున్నప్పుడు చూడలేదు. వాల్వు తెరిచి ఉండేది ఒక్కో కొట్టుకి సెకనులో మూడోవంతే. బొమ్మని ఆపి, ఒక్కో ఫ్రేమూ వెనక్కీ ముందుకీ తిప్పితే గానీ దొరకదు. బయట ముప్పైమంది పేషంట్లు కూర్చున్నారని నేను తిప్పలేదు. అతను దాచిన కాగితం మీద నా సంతకం చెక్కుచెదరలేదు, కావలసిన బొమ్మ మాత్రం ఎక్కడా లేదు. పాత వీడియో ఉంటే అయోర్టా అప్పటికే ఎంత వెడల్పు ఉందో, ఎంత వేగంగా పెరిగిందో తెలిసేది.

అందుకే మీకు మొదటి మాట: రిపోర్టులు కాదు, బొమ్మలు సంపాదించండి. మూడు చోట్లకీ వెళ్లి, ఎకో వీడియో క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో గానీ సీడీలో గానీ ఇమ్మని అడగండి. అవి మీ అమ్మాయివే, మొహమాటం అక్కర్లేదు. కొన్నిచోట్ల మిషన్‌లో జాగా చాలక కొన్ని వారాలకే చెరిపేస్తారు కాబట్టి ఈ వారమే వెళ్లండి. రిపోర్టుతో పాటు ఇచ్చే నున్నటి కాగితం బొమ్మలుంటాయే, అవి థర్మల్ పేపరు మీదవి. మన ఊరి ఉక్కకి కొన్నేళ్లలో వెలిసిపోతాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వాటిని మాత్రం లామినేషన్ చేయించకండి, ఆ వేడికి మొత్తం నల్లబడిపోతాయి.

లీకు సంగతి కూడా చెప్పాలి. ఒకరు కొద్దిపాటి అన్నారు, ఒకరు మైల్డ్ అన్నారు, ఒకరు మోడరేట్ దాకా వెళ్లారు. ఇంతలోనే ముదిరిందని మీరు టెన్షన్ పడుతున్నట్టున్నారు. అలా ఏం కాదు. వాల్వు మూసుకున్నాక అయోర్టాలోంచి వెనక్కి కారే రక్తం ఎంతన్నది ఆ నిమిషంలో బీపీ ఎంతుందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. మూడోచోటికి వెళ్లేసరికి అమ్మాయి భయపడి ఉంటుంది, బీపీ పెరిగి ఉంటుంది, లీకు పెద్దగా కనపడి ఉంటుంది. మీరు పంపిన రిపోర్టులో బీపీ రాయలేదు. ఎకో రిపోర్టు మీద బీపీ రాయకపోవడం మన దగ్గర ఉన్న పెద్ద చెడ్డ అలవాటు. మిషన్‌లో రంగు గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచి చూపించే మీట, ఎక్కువ పెట్టినా చిన్న లీకు మంటలా ఎగసిపడినట్టు కనిపిస్తుంది. మీ మిషన్‌లో గెయిన్ పెంచితే స్క్రీన్ నిండా గడ్డి మొలిచినట్టు వచ్చేది కదా, అదే ఇది.

అసలు నేను మీ కాగితంలో వెతికింది రేకుల లెక్క కాదు. పుట్టుకతో వచ్చిన వాల్వు లోపంలో రేకులు రెండా నాలుగా అన్నది పేరు పెట్టడానికి, ముందుముందు ఏం కనిపెట్టుకోవాలో తెలియడానికి పనికొస్తుంది. రెండు రేకులదైతే కాలం గడిచేకొద్దీ గట్టిపడి ద్వారం ఇరుకయ్యే అవకాశం ఎక్కువ. నాలుగు రేకులదైతే అలా ఇరుకవడం అరుదు, లీకు రావడమే ఎక్కువ. రేకులు నాలుగూ మధ్యలో సరిగ్గా కలవక చిన్న సందు మిగిలిపోతుంది. రెండింట్లోనూ అయోర్టా వెడల్పవొచ్చు. కానీ ఈరోజు గుండె ఎలా ఉందో చెప్పేవి వేరే కొలతలు: ఎడమ కింది గది సైజు, పంపింగ్ శాతం (రిపోర్టులో ఈఎఫ్ అని ఉంటుంది), అయోర్టా వెడల్పు. మీ అమ్మాయికి ఆ గది నిండినప్పుడు 43 మిల్లీమీటర్లు, ముడుచుకున్నప్పుడు 27, ఈఎఫ్ 64 శాతం, అయోర్టా 27. నాలుగూ బాగున్నాయి. లీకు నిజంగా ఎక్కువై చాలాకాలంగా ఉండి ఉంటే ఆ గది ఈపాటికి సాగి ఉండేది. ఈ ఒక్క లైను కోసమైనా మీరు ఇవాళ కంటినిండా నిద్రపోవచ్చు.

అయితే ఒక జాగ్రత్త. ఎప్పుడైనా ఎవరైనా మీకు 50 మిల్లీమీటర్ల లెక్క చెప్పొచ్చు. లీకు తీవ్రమై, ముడుచుకున్నప్పుడు కూడా గది 50 దాటితే, లేదా ఈఎఫ్ 55 శాతానికి పడిపోతే, ఆయాసం లేకపోయినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. కానీ ఆ 50 పెద్ద ఒళ్లున్న మగవాళ్లని చూసి వచ్చిన అంకె. మీ అమ్మాయి ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు అని రాశారు. అంటే ఒంటి ఉపరితలం సుమారు 1.4 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 25 మిల్లీమీటర్లు అనే లెక్క ప్రకారం తనకి హద్దు 35 దగ్గరే వస్తుంది. ఇప్పుడున్న 27 హాయిగా కిందే ఉంది. రేపెప్పుడో 38 వచ్చి, 50 లోపే కదా అని ఎవరైనా అంటే మాత్రం మీరు ఊరుకోకండి. ఈ లెక్క కాగితం మీద రాసి ఫైల్లో పెట్టండి. చిన్న ఒళ్లున్న ఆడపిల్లలు ఈ ఒక్క కారణంగా ఆలస్యంగా ఆపరేషన్‌కి రావడం నేను చూశాను.

గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచిందంటే చాలా సంతోషం. నాకు గుండె డాక్టరుగా ఆ ముక్క విలువైనదే. కానీ అదొక్కటే పట్టుకుని ఏమీ లేదనుకోకండి. అయోర్టిక్ లీకు మహా మౌనంగా ఉంటుంది, కొందరిలో ఏళ్ల తరబడి. గుండె సర్దుకుంటూ సర్దుకుంటూ పోయి, చివర్లో గానీ ఆయాసం చూపించదు. అందుకే నడక కాదు, కొలతలు.

ఇప్పుడు గొట్టం. టీఈఈ అంటారు. ఆహారనాళం సరిగ్గా గుండె వెనకే పోతుంది. ముందునుంచి చూస్తే పక్కటెముకలు, ఊపిరితిత్తుల్లో గాలి అడ్డు. వెనకనుంచి చూస్తే ఏ అడ్డూ లేదు, దగ్గర కూడా. దగ్గరైతే ఇంకాస్త ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడొచ్చు, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. మీకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, ప్లేటుకి రెండోవైపు వెళ్లి చూడటమే కదా. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతులో చేదుగా ఉండే మందు స్ప్రే చేస్తారు, నాలుక మొద్దుబారుతుంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, మత్తుగా ఉండే ఇంజెక్షన్ ఇస్తారు. గొట్టం చిటికెనవేలంత లావు ఉంటుంది. కష్టం మింగే ఆ కొన్ని సెకన్లే. మింగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు వంచి, ముద్ద మింగినట్టు మింగమంటారు. లోపలికి వెళ్లాక ముక్కుతో ఊపిరి తీసుకుంటూ ఉంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత గంటా రెండు గంటలు, గొంతు మొద్దు దిగేదాకా, మంచినీళ్లు కూడా తాగకూడదు, పొలమారుతుంది. ఆరోజు బండి నడపకూడదు. ఆహారనాళానికి దెబ్బ తగలడం లాంటి ప్రమాదాలు చాలా చాలా అరుదు. అయితే ముద్ద దిగడం కష్టంగా ఉండే ఇబ్బంది ఏదైనా ఉంటే ముందే చెప్పాలి.

ఇంత వివరంగా రాసింది, వెంటనే చేయించమని కాదు. మీ అమ్మాయిని నేను చూడలేదు, చూసిన డాక్టరు మాటే పైమాట. కానీ నన్నడిగితే, 22 ఏళ్ల పిల్ల, ఏ బాధా లేదు, గుండె గది మామూలుగా ఉంది. ముందు ఇంకొక్కసారి మామూలు ఎకో, కాస్త తీరిగ్గా, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు చూడటం అలవాటున్నవాళ్ల చేత, వీలైతే త్రీడీ ఉన్న మిషన్ మీద చేయిస్తాను. మన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కార్డియాలజీ ఓపీలో చూపించుకున్నా సరే, ప్రైవేటులో అయినా సరే. పొద్దున్నే మొదటి పేషంటుగా వెళ్తే చేసేవాళ్లకీ ఓపిక ఉంటుంది. అక్కడ తేలకపోతే ఎంఆర్‌ఐ. గొట్టం దాని తర్వాత. బొమ్మలు ఇంకా మసగ్గా ఉన్నా, లీకు మరీ ఎక్కువనిపించినా, ఆపరేషన్ మాట వచ్చినా అప్పుడు టీఈఈకి సాటి లేదు. మీ మూడో డాక్టరు ముందే టీఈఈ చేయిద్దామంటే అదీ తప్పు కాదు, ఆయనకి కనపడినదేదో ఆయనకి కనపడింది. నాకైతే ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది. గుణకారం గుర్తుని పట్టుకున్నాడంటే బొమ్మని ఆపి చూశాడన్నమాట.

గుండె ఎంఆర్‌ఐలో నాకు నచ్చేది ఏమిటంటే, అది లీకుని కంటితో అంచనా వెయ్యదు, కొలుస్తుంది. ఒక్కో కొట్టుకి ఎన్ని మిల్లీలీటర్లు ముందుకెళ్లాయి, ఎన్ని వెనక్కొచ్చాయి అని. వెనక్కొచ్చేది 30 శాతం లోపుంటే మైల్డ్ అంటాం, 50 దాటితే తీవ్రం. మైల్డా మోడరేటా అన్న మీ గొడవ అక్కడితో తీరిపోతుంది. రేకులు ఎన్నో కనిపిస్తాయి, అయోర్టా మొత్తం కనిపిస్తుంది, రేడియేషన్ లేదు. నలభై నిమిషాల నుంచి గంట పడుతుంది. సొరంగంలో పడుకుని, చెప్పినప్పుడల్లా పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాలి. చప్పుడు మాత్రం మీ ప్లేటు షాపులో సుత్తి దెబ్బల్లా ఉంటుంది, చెవులకి హెడ్‌ఫోన్లు పెడతారు. నాలుగు రోజులు ఇంట్లో ఫ్యాన్ కింద పడుకుని ఊపిరి బిగబట్టడం ప్రాక్టీసు చేయించండి. ఊపిరి సరిగ్గా బిగబడితే బొమ్మ అద్దంలా వస్తుంది.

ఒక్కటి గమనించండి. ఎంఆర్‌ఐ మిషన్ ఉన్న ప్రతి సెంటర్‌లోనూ గుండె ఎంఆర్‌ఐ చెయ్యరు. మోకాలికీ వెన్నుకీ చేసే మిషనే అయినా, గుండెకి కొట్టుకునే వేగంతో లంకె పెట్టి తీసే సాఫ్ట్‌వేర్ కావాలి, చదవగలిగే రేడియాలజిస్టు ఉండాలి. ముందే ఫోన్ చేసి, కార్డియాక్ ఎంఆర్‌ఐ, అయోర్టాలో ఫ్లో కొలత కూడా కావాలి, ఫేజ్ కాంట్రాస్ట్ (ఆ ఫ్లో కొలిచే పద్ధతి) చేస్తారా అని అడగండి. అవతలివాళ్లు తడబడితే ఇంకో సెంటర్. అలాగే గుండె సొంత రక్తనాళాలు, అంటే కరోనరీలు, ఎక్కడినుంచి మొదలవుతున్నాయో కూడా చూడమని చీటీలో రాయించండి. అవి ఈ రేకుల వెనకనుంచే బయల్దేరతాయి. నాలుగు రేకుల వాల్వున్న కొందరిలో అవి చోటు మారి ఉంటాయి. ఎంఆర్‌ఐలో అది తేలకపోతే సీటీ స్కాన్ కావాలి. దానికి రేడియేషన్ ఉంది, రంగు మందు ఎక్కించాలి, ముందు కిడ్నీల పనితీరుకి క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తారు. కాబట్టి అవసరం వస్తేనే.

మీ ఆవిడకి ఈ పేరా చదివి వినిపించండి. అమ్మా, వాల్వు రేకులు ఏర్పడేది కడుపులో అయిదో వారం నుంచి తొమ్మిదో వారంలోపు. పెద్ద రక్తనాళం మొదట్లో చిన్న చిన్న బుడిపెలు మొలిచి, అవే పలచబడి రేకులవుతాయి. మూడు మొలవాల్సినచోట ఒకటి రెండుగా చీలితే నాలుగు. అది మొదలయ్యేసరికి మీకు నెల తప్పిన సంగతి కూడా గట్టిగా తెలిసి ఉండదు. ఆ బుడిపెలకి గ్రహణం తెలియదు, బొప్పాయి తెలియదు. మీరు ఇంట్లో తలుపులేసుకుని పడుకున్నా అవి మొలిచినట్టే మొలిచేవి.

సంబంధం గురించి. చెప్పండి, కానీ ఇవాళ కాదు. పరీక్షలు తేలాక. ఈరోజు చెప్తే మీరు మూడు లెక్కలు చెప్పాలి, వినేవాళ్లు నాలుగోది ఊహించుకుంటారు. ఒకే మాట చేతికొచ్చాక, డాక్టరు చేత తేలిక భాషలో ఒక పేజీ రాయించుకుని, అమ్మాయి అబ్బాయితో తనే చెప్పడం మంచిది. తన గుండె, తన మాట. దాచిపెట్టి చేసిన పెళ్లిలో తర్వాత తెలిస్తే జబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, దాచడం గురించే మాట్లాడతారు. పిల్లల సంగతి తప్పకుండా అడుగుతారు. లీకు మైల్డో మోడరేటో అయి, గుండె గది బాగుంటే గర్భాన్ని సాధారణంగా బాగానే తట్టుకుంటారు. ఆ నెలల్లో రక్తనాళాలు సడలుతాయి, వెనక్కి కారేది కొంచెం తగ్గుతుంది కూడా. పిల్లల కోసం అనుకునే ముందు ఒకసారి ఎకో తీయించుకోవాలి. కడుపు వచ్చాక 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ గుండెకి ఫీటల్ ఎకో చేయించాలి, తల్లికి పుట్టుకతో లోపం ఉంది కాబట్టి. అప్పుడు ఫారాలు నింపిస్తారు, ఆధార్ అడుగుతారు, విసుక్కోకండి. ఆడో మగో చెప్పకూడదన్న 1994 చట్టం కోసం అది.

ఉద్యోగానికి ఇది అడ్డు కాదు. మెడికల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయమనండి. నడక, ఈత, డాన్సు, మెట్లు ఎక్కడం, అన్నీ చేసుకోవచ్చు. జిమ్‌లో ఊపిరి బిగబట్టి ఎత్తే భారీ బరువులు మాత్రం అయోర్టా సంగతి తేలేదాకా వద్దు.

జ్వరం విషయం బాగా గుర్తుపెట్టుకోండి, ఇది నేను ఎవరికి చెప్పినా రెండుసార్లు చెప్తాను. లోపం ఉన్న వాల్వు మీద సూక్ష్మజీవులు గూడు కట్టే ప్రమాదం మామూలు వాల్వు కన్నా ఎక్కువ. వారం దాటినా తగ్గని, కారణం తెలియని జ్వరం వస్తే మందుల షాపులో యాంటీబయోటిక్ కొని వెయ్యకండి. వేస్తే సగం చచ్చిన క్రిమి రక్తపరీక్షలో దొరకదు, లోపల మాత్రం ఉండిపోతుంది. డాక్టరు దగ్గరికెళ్లి ముందుగానే, నాకు వాల్వు లీకు ఉంది, బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీశాక మందివ్వండి అని చెప్పాలి. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉండాలి, ఆర్నెల్లకోసారి డెంటిస్టు. పన్ను తీయించుకునే ముందు యాంటీబయోటిక్ అక్కర్లేదు, ఇలాంటి వాల్వుకి ఇప్పటి వైద్య మార్గదర్శకాలు దాన్ని సిఫారసు చెయ్యడం లేదు. అలాగే ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయినా, మెట్లెక్కుతుంటే కొత్తగా ఆయాసం వచ్చినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా ఎకో తేదీ వచ్చేదాకా ఆగకూడదు.

ఎకో ఎన్నాళ్లకోసారి అంటే, మైల్డ్ అని తేలితే మూడు నుంచి అయిదేళ్లకి, మోడరేట్ అయితే ఏడాదికో రెండేళ్లకో. మొదట్లో ఇంత తికమక జరిగింది కాబట్టి తొలిసారి మాత్రం ఏడాదికే చేయించండి. వీలైనంతవరకు అదే చోట, అదే మిషన్ మీద. ప్రతిసారీ రిపోర్టులో బీపీ, ఎత్తు, బరువు రాయమని అడగండి.

ఉత్తరం చివర్లో, ఎకో గదిలోకి నన్ను రానిస్తారా అని ఒక మాట రాశారు. అమ్మాయి సరేనంటే, లేడీ టెక్నీషియన్ ఒప్పుకుంటే, పరీక్ష అయ్యాక క్లిప్పులు చూపించే అయిదు నిమిషాలకైనా వెళ్లండి. షార్ట్ యాక్సిస్ క్లిప్, అంటే వాల్వుని అడ్డంగా కోసినట్టు చూపేది, చూపించమనండి. జూమ్ చేసి, నెమ్మదిగా, ఒక్కో ఫ్రేమూ తిప్పమనండి. మూసుకున్న క్షణంలో ఎన్ని గీతలున్నాయో, తెరుచుకున్నప్పుడు ద్వారం ఏ ఆకారంలో ఉందో మీరే లెక్కపెట్టండి. ఎన్ని వచ్చాయో నాకు రాయండి.